సమాధానం: నార్టన్ కమాండో ట్యాంకులో ఆయిల్ మాయం కావడం

నెల రోజులు కదలకుండా ఉంచిన మీ 1973 నాటి కమాండో 850 మోటార్‌సైకిల్‌లో ఆయిల్ ట్యాంకు దాదాపు ఖాళీ అయిందని, స్టార్ట్ చేయగానే పొగ కమ్మేసిందని రాశారు. పిస్టన్ రింగులు అరిగాయేమోనని ఇంజన్ విప్పించకండి. ఈ బండిలో ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది కనుక, నిలిపి ఉంచినప్పుడు అది ఆయిల్ తోడే గేర్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులో చేరుతుంది. కిక్ కొట్టే ముందే అడుగునున్న డ్రెయిన్ ప్లగ్ విప్పి, ఆ ఆయిల్‌ను శుభ్రమైన పాత్రలోకి దింపి, తిరిగి ట్యాంకులో పోయండి. మట్టం తగ్గిందని కొత్త ఆయిల్ మాత్రం కలపవద్దు. ఇంజన్ కొన్ని నిమిషాలు తిరిగాకే ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ చూడాలి. ఈ జారుడు ఆపేందుకు ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టానికి చేతితో తిప్పే వాల్వు బిగించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే ఒక్కసారి తెరవడం మరచిపోతే చాలు, ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి.