హోమ్‌స్కూలింగ్ ఖర్చంటే పుస్తకాల ఖర్చేనా?

ప్రశ్న: మా పిల్లలకు పదేళ్లు, ఏడేళ్లు. ఇద్దరూ ప్రభుత్వ బడిలో చదువుతున్నారు. తరగతి నిండా పిల్లలు, టీచర్ ఒక్కరే. పెద్దవాడు లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లో నేనే చెప్పుకుందామనుకుంటున్నాను. దానికి ఉద్యోగం వదులుకోవాలి. ఇంటి ఆదాయంలో నా వాటా 40 శాతం. పుస్తకాలు కొనుక్కుంటే చాలు కదా అంటున్నారు మావారు. మేం చూడని నష్టాలేమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయండీ. అన్నిటికన్నా పెద్దది మీ జీతమే. దాని ముందు పుస్తకాలు చిల్లర ఖర్చు.

ఇంటికి ఏడాదికి 100 వస్తుంటే అందులో 40 మీది. పదేళ్లు మానేస్తే 400 పోతుందనుకుంటాం. కానీ ఆ జీతం ఏటా 6 శాతం పెరిగేదైతే పోయేది 527. ఇప్పటి మీ జీతంతో చూస్తే 13 ఏళ్ల సంపాదన అది. ఉద్యోగం వల్ల అయ్యే రాకపోకల ఖర్చులు, పన్నులు ఇందులోంచి తీసేయండి, ఆ మేరకు నష్టం తగ్గుతుంది. అయితే తిరిగి చేరే రోజున, వదిలేసిన చోటే ఎవరూ కుర్చీ వేసి ఉంచరు.

రిటైర్మెంట్ లెక్క ఇంకా బాధ పెడుతుంది. మీ జీతంలో పదో వంతు, అంటే ఏటా 4 చొప్పున దాస్తున్నారనుకుందాం. 8 శాతం రాబడితో పదేళ్లకు అది సుమారు 58 అవుతుంది. ముట్టుకోకుండా ఇంకో 15 ఏళ్లు వదిలేస్తే 184. ఈ పదేళ్లలో మీరు దాయకుండా ఆపేది 40, చివరికి పోగొట్టుకునేది 184. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ తొమ్మిదేళ్ల తర్వాత తన పెన్షన్ ఖాతా కాగితం తెచ్చి చూపించారు. ఆఖరి జమ పడిన నెల, పెద్ద బాబుని బడి మాన్పించిన నెల ఒకటే. ఆ గీత కింద అంతా ఖాళీ. పిల్లల చదువు కుటుంబం మొత్తానిది, ఆ ఖాళీ మాత్రం ఆవిడ ఒక్కరి పేరు మీద ఉంది. అందుకే, మీరు మానేయాలనే తేల్చుకుంటే, మీవారి జీతంలోంచి మీ పేరు మీద నెలనెలా పొదుపు సాగాలి. మిగిలితే చూద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు.

ఇక బడి సంగతి. ఫీజు లేదు కాబట్టి అక్కడ దొరికేవాటికి విలువ కట్టం. ల్యాబు, లైబ్రరీ, ఆటస్థలం, పరీక్షలు, సర్టిఫికెట్, వీటన్నిటినీ మించి మీరు నిశ్చింతగా పని చేసుకోగలిగే ఆరేడు గంటలు. ఇంట్లో చదివే పిల్లలకు పై తరగతుల్లో సైన్స్ ప్రయోగాలకు, ప్రైవేటుగా పరీక్ష రాయడానికి విడిగా కట్టుకోవాలి. తోటి పిల్లలతో కలిసి ఆడుకోవడానికి కూడా ఎక్కడో ఒక చోట చేర్పించక తప్పదు. మీకు పట్టులేని సబ్జెక్టుకు ట్యూషన్ ఎలాగూ పెట్టాలి.

చట్టం ఏం చెబుతోందో కూడా ముందే చూసుకోండి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకు అనుమతి ఉంది, షరతులు మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది: పెద్దవాడికి లెక్కలు రావడం లేదు. ఒక్క సబ్జెక్టు కోసం 40 శాతం ఆదాయం వదులుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు. వారానికి రెండు మూడు గంటలు మంచి టీచర్‌తో చెప్పించండి, ఎంత అడిగినా మీ జీతంలో చిన్న ముక్కే అవుతుంది. చిన్నదానికో చిన్నవాడికో ఇప్పటికి ఇబ్బందే లేదంటే ఆ బిడ్డను కదపడం దేనికి? అదే బడిలో పిల్లవాణ్ని వేధిస్తున్నా, అనారోగ్యం వల్ల రోజూ వెళ్లలేకపోతున్నా నేనే మానిపించమంటాను. అప్పుడు ఎంత నష్టమైనా భరించాల్సిందే.

అయినా మనసు అటే లాగుతుంటే రాజీనామా ఇప్పుడే వద్దు. ఆరు నెలలు మీ జీతం మొత్తాన్ని వేరే ఖాతాలో వేసి, మీవారి జీతంతోనే ఇల్లు నడపండి. నాలుగో నెలలో ఆ ఖాతాలోంచి తీయాల్సి వచ్చిందంటే, ఉద్యోగం మానేశాక తీయడానికి ఆ ఖాతా కూడా ఉండదు. గడిచిపోతే, ఆ పోగైన సొమ్మే మీ అత్యవసర నిధి. ఒక్క జీతం మీద బతికే ఇంటికి ఏడాది ఖర్చులు చేతిలో ఉండాలని నా లెక్క, కాబట్టి తగ్గిన మేరకు ఇంకొన్ని నెలలు ఆగి నింపండి. మీ ఆఫీసు ద్వారా ఆరోగ్య బీమా ఉంటే అది పోకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. జీవిత బీమా మీవారికే కాదు, మీకూ ఉండాలి. మీకేమైనా అయితే ఆ ఇంట్లో బడి కూడా మూతపడుతుంది.

ఉద్యోగం పూర్తిగా వదలకుండా సగం రోజు పనికో, జీతం లేని సెలవుకో ఒప్పుకుంటారేమో అడగండి. పిల్లలను తిరిగి ఏ తరగతిలో, ఏ పరీక్ష పెట్టి చేర్చుకుంటారో టీసీ తీసుకోకముందే బడి నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.