గాలిలో తేలే మనిషికి నీడ ఎక్కడ పడాలి?
ఛాయాచిత్ర కళపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఫొటోగ్రఫీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా మేడమీది గదిలో గాలిలో తేలుతూ పుస్తకం చదువుతున్నట్టు నన్ను నేనే ఫొటో తీసుకోవాలని, స్టూలు మీద పడుకుని తీసి, తరువాత కంప్యూటరులో స్టూలును చెరిపేశాను. స్టూలు కనబడటం లేదు గాని, చూసినవాళ్లందరూ ‘అతికించినట్టుంది’ అంటున్నారు. పొరపాటు ఎక్కడ ఉంది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఉత్తరంలోని ‘చెరిపేశాను’ అనే మాట దగ్గరే మొదలుపెడదాం. స్టూలును చెరిపితే దాని వెనుక ఉండవలసిన గోడనూ నేలనూ మీరో, సాఫ్ట్‌వేరో ఊహించి పూరించాలి. ఆ పూరింపు ఎంత నేర్పుగా చేసినా గచ్చు గీతల దగ్గర, గోడ మరకల దగ్గర పట్టుబడుతుంది. అందుకని చెరపడం మానేసి, కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా నిలిపి రెండు ఫొటోలు తీయండి: ఒకటి మీరు స్టూలు మీద ఉన్నది, రెండవది మీరూ స్టూలూ ఇద్దరూ లేని ఖాళీ గది. కంప్యూటరులో ఖాళీ గదిని కింది లేయరుగా (పొరగా), మీరున్న ఫొటోను పై లేయరుగా పెట్టి, పైదానికి మాస్క్ (నల్ల రంగు వేసిన మేర ఆ పొరను కనబడకుండా చేసే ముసుగు) తగిలించి స్టూలు ఉన్న మేర నల్ల బ్రష్‌తో రుద్దితే కింద ఉన్న అసలు గోడే బయటపడుతుంది. కిటికీ వెలుతురు నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి ఖాళీ గదిని ముందొకసారి, చివర మరొకసారి తీసి ఉంచుకోవడం మంచిది.

ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల సర్దుబాటు), ఫోకస్ మూడింటినీ మాన్యువల్‌లోనే ఉంచాలి. ఆటోలో వదిలేస్తే, మీరు ఫ్రేములోకి రాగానే మీ దుస్తుల రంగును బట్టి కెమెరా తన లెక్క తాను మార్చుకుంటుంది, రెండు ఫొటోల్లో గోడ రంగు రెండు రకాలుగా వస్తుంది. తీసిపెట్టే మనిషి లేనప్పుడు ఫోకస్ కోసం మీరు పడుకోబోయే చోట స్టూలు మీద దిండు పెట్టి, దాని మీద ఆటో ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చండి. అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం కొలత) ఎఫ్8 దగ్గర ఉంటే మీరు కాస్త అటూ ఇటూ జరిగినా ఫోకస్ చెడదు. స్టూలెక్కి ఒళ్లు సర్దుకోవడానికి 10 సెకన్ల టైమర్ చాలదు, కనుక కొన్ని సెకన్లకొకటి చొప్పున తనంతట తానే తీసుకుంటూ పోయే ఇంటర్వెల్ టైమర్ వాడండి, లేదా చిన్న రిమోట్ కొనుక్కోండి.

ఇక ‘అతికించినట్టుంది’ అనే మాటకు అసలు కారణం, నా అనుభవంలో, చాలాసార్లు నీడే. నేల మీద మీ నీడ, స్టూలు నీడ కలిసి పడతాయి. స్టూలును తీసేసే తొందరలో చాలామంది రెంటినీ కలిపి తుడిచేస్తారు. నీడ లేని మనిషిని కన్ను ఒప్పుకోదు. స్టూలు కాళ్ల నీడను మాత్రమే తీసి, ఒంటి నీడను ఉంచాలి. దీనికోసం మొదటే మీ నడుముకన్నా సన్నని పీట ఉన్న స్టూలును ఎంచుకుంటే పని సగం తగ్గుతుంది. ఒళ్లు నేలకు ఎంత ఎత్తున ఉంటే నీడ అంచులు అంత మెత్తబడతాయి, కిటికీ ఎటువైపు ఉంటే నీడ దానికి అవతలి వైపుకు జరుగుతుంది. నీడ చెరిగిపోయి మళ్లీ వేయవలసి వస్తే ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి.

నీడ తరువాత బట్టలు. స్టూలు అంచుకు ఒత్తుకున్న కుర్తా నడుము దగ్గర నొక్కుకుపోయి, తీసేసిన స్టూలు ఆకారాన్ని అలాగే చూపిస్తుంది. చున్నీనీ, కుర్తా అంచునూ స్టూలు ముందువైపుకు వేలాడేలా వదిలితే అవి పీట అంచును కప్పేస్తాయి, గాలిలో ఉన్న ఒంటి నుంచి గుడ్డ ఎలా జారాలో అలా జారతాయి కూడా. తలను స్టూలు దాటించి జుట్టును కిందికి వదలండి. కెమెరాను పీట ఎత్తుకు సమంగా పెడితే పీట సన్నని గీతలాగే కనబడి మీ ఒంటిలో కొద్ది భాగాన్నే మరుగుపరుస్తుంది. ఒక జాగ్రత్త: టైల్స్ మీద ప్లాస్టిక్ స్టూలు జారుతుంది. చెక్కదో, ఇనుపదో వాడండి. పిట్టగోడల జోలికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: ఇలాంటి ఫొటోలకు ఖరీదైన కెమెరా, సాఫ్ట్‌వేర్ కావాలా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: అక్కరలేదు. ఎక్స్‌పోజరునూ ఫోకసునూ బిగించి ఉంచగల ఫోను చాలు. లేయర్లు, మాస్కులు రెండూ ఉన్న గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. డబ్బు పెట్టేదేదో ఊగని ట్రైపాడ్ మీద పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారు ‘ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపాలి, నువ్వు చేసేది మోసం’ అంటారు. ఆయనకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఇపాలిట్ బయార్ అనే ఫ్రెంచి ఆయన గురించి చెప్పి చూడండి. ఫొటో తీసే పద్ధతిని సొంతంగా కనిపెట్టినా, పేరూ ప్రభుత్వ భరణమూ ఇదే పని చేసిన మరో ఫ్రెంచివాడు డగేర్‌కు దక్కాయన్న కోపంతో 1840లో ఆయన తనను తాను నీట మునిగి చచ్చిన శవంలా ఫొటో తీసుకున్నాడు. ముఖమూ చేతులూ నల్లగా పడితే, అవి కుళ్లడం మొదలైందని ఫొటో వెనుక రాసిపెట్టాడు! ఆ ‘శవం’ 1887 దాకా బతికే ఉంది. అంటే ఫొటోగ్రఫీ లోకానికి తెలిసిన మరుసటి ఏడాదికే స్వీయచిత్రంలో కల్పన వచ్చి చేరింది. 1857లో ఇంగ్లండులో రైలాండర్ అనే ఫొటోగ్రాఫర్ 30కి పైగా నెగటివులను కలిపి ఒకే దృశ్యంగా అచ్చు వేశాడు. మన దేశంలో, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ ఏళ్ల తరబడి తన ఫొటోలు తానే తీసుకున్నాడు. 2001–02లో ఆయన మనవడు వివాన్ సుందరం ఆ కుటుంబ ఫొటోలనే కంప్యూటరులో కలిపి, ఎన్నడూ జరగని సన్నివేశాలను సృష్టించాడు.

అయితే మీ నాన్నగారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. వార్తాచిత్రానికి ఆయన చెప్పిన నియమమే వర్తిస్తుంది. పోటీలకు పంపేటప్పుడు కూడా, కలిపిన చిత్రాలను ఏ విభాగంలో తీసుకుంటారో చూసుకుని పంపాలి. చూసేవాడికి ఇది కల్పన అని తెలిసే పద్ధతిలో చూపించినంతవరకు, నాకైతే ఇందులో మోసం కనబడదు.

ప్రశ్న: టెక్నిక్ వచ్చింది గాని ఆలోచనలే రావడం లేదు. ఏది చేసినా ఎగిరే గొడుగు, పగిలిన అద్దం, పక్షులైపోతున్న జుట్టు లాగే వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అవి ఎవరివో కలలు. అమెరికాలో ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ 1976 ప్రాంతంలో ప్రావిడెన్స్ పట్టణంలోని ఒక పాడుబడ్డ ఇంట్లో, ఊడిపోయిన గోడకాగితం వెనుక దాక్కునీ, షట్టర్ తెరిచి ఉండగా కదిలి మసకబారీ స్వీయచిత్రాలు తీసుకుంది. కంప్యూటర్ లేదు, వింత వస్తువులూ లేవు. ఉన్నవి ఆ ఇల్లూ, ఆమె ఒళ్లూ. మీ ఇంట్లో గోడకాగితం ఉండకపోవచ్చు గాని దోమతెర ఉంటుంది, అటక ఉంటుంది, ఇనుప బీరువా ఉంటుంది. ఒక చిత్రంలో జరగడానికి వీల్లేనిది ఒక్కటే ఉండాలనీ, మిగతాదంతా ఇంట్లో రోజూ కనబడేలాగే ఉండాలనీ నా అభిప్రాయం. రెండు మూడు వింతలు ఒకేచోట చేరితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

బీరువానే తీసుకుందాం: మడతపెట్టిన చీరల మధ్య అరలో మీ తల కూడా సర్ది పెట్టినట్టు ఉండాలి. తలుపులు తెరిచి, చీరలతో నిండిన అరను మొదట ఒంటరిగా తీయండి. తరువాత ఒక దొంతరను పక్కకు జరిపి, బీరువా పక్కన నిలబడి తలను మాత్రం అరలోకి వంచి, చెంపను చీరల మీద నిజంగానే ఆనించి రెండవది తీయండి. మెడ కనబడే చోట ఒక చీర అంచును లాగి కప్పండి. మాస్క్‌తో భుజాలూ ఒళ్లూ తీసేసేటప్పుడు, చెంప బరువుకు నొక్కుకున్న పైచీర మడతను మాత్రం రెండవ ఫొటోలోదే ఉంచాలి. మొదటి ఫొటోలోని చదునైన చీర అక్కడ మిగిలిపోతే తల బరువు లేకుండా తేలిపోయినట్టు కనబడుతుంది.