బోరుకొచ్చిన ట్రాక్టర్ ఇంజన్: సామాన్లు ముందు కొనాలా, లేత్ షాపుకి ముందు ఇవ్వాలా?

దమ్ముల్లోకి దిగేలోపు పాత 3 సిలిండర్ల ఇంజన్ మొదటిసారి విప్పి చేయించాలని, సామాన్లన్నీ ముందే కొని షాపుకి ఇచ్చేయొచ్చా అని అడిగారు.

బేరింగులు మాత్రం ముందే కొనకండి. క్రాంకు షాఫ్టు కొలిస్తేగానీ ఏ సైజు పడుతుందో తేలదు. ఒక్కో జర్నల్‌నీ (బేరింగు కూర్చునే గుండ్రటి భాగం) మైక్రోమీటరుతో నిలువునా అడ్డంగా కొలిపించండి. తేడా 0.05 మి.మీ. దాటితే గ్రైండింగ్ తప్పదు. 0.25 మి.మీ. తీసినా గీతలు పోకపోతే 0.50కి వెళ్తారు. ఆ సైజు షెల్స్ (బేరింగులు) బజార్లో ఉన్నాయని ఖాయం చేసుకున్నాకే గ్రైండింగ్ రాయి పెట్టమనండి. జర్నల్ మూలల్లో గుండ్రటి వంపు అలాగే ఉంచమని గట్టిగా చెప్పండి. అక్కడ పదునుగా కోసేస్తే క్రాంకు విరిగేది అక్కడే. బ్లాకునే బోరు కొట్టే రకం ఇంజనైతే పిస్టన్లు ముందే కొని షాపులో ఇవ్వాలి, వాటిని కొలిచి బోరు కొడతారు.

విప్పేటప్పుడే కనెక్టింగ్ రాడ్లకీ క్యాపులకీ నంబర్లు పంచ్ కొట్టండి. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేస్తే రంధ్రం గుండ్రంగా రాదు.

మన వైపు అసలు తంటా నీళ్లతో. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రేడియేటర్లో ఉప్పు బోరు నీళ్లు పోసిన బండిలో, వెట్ లైనర్లయితే (చుట్టూ నీళ్లు తగిలే, మార్చుకునే సిలిండర్ గొట్టాలు), బ్లాకులో ఓ-రింగు (నీళ్లు ఆపే రబ్బరు రింగు) కూర్చునే చోట తుప్పు తిని గుంటలు పడతాయి. లైనరు కొత్తదైనా ఆ గుంటలోంచి నీళ్లు సంపులోకి (కింద ఆయిల్ ఉండే తొట్టి) దిగుతాయి. అందుకే క్రాంకు ఎక్కించకముందే లైనర్లు దించి, వాటర్ పంపు రంధ్రం మూసి, బ్లాకులో నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే కింద నుంచి టార్చి వేసి చూడండి, చెమ్మ కనిపించినా వదలొద్దు. లైనరు అంచు బ్లాకు కంటే కాస్త పైకి ఉండాలి. ఎంతన్నది మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. తక్కువైతే హెడ్ గాస్కెట్ ఆగదు.

హెడ్డుకి కొందరు అలవాటుగా ఫేసింగ్ కొట్టేస్తారు, అంటే అడుగు కోసి చదును చేస్తారు. స్ట్రెయిట్ ఎడ్జి (తిన్నని బద్ద) పెట్టి, దాని కింద ఫిల్లర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూరితేనే కొట్టనివ్వండి. డీజిల్ ఇంజన్లో ఖాళీ తక్కువ, ఎక్కువ కోస్తే వాల్వు పిస్టన్‌కి తగులుతుంది. వాల్వు సీట్లు కోశాక, వాల్వులు పెట్టి, హెడ్డు పోర్టుల్లో (గాలి, పొగ దారులు) డీజిల్ పోసి పది నిమిషాలు చూడండి, కారకూడదు.

షాపులో కడిగి ఇచ్చినా మీరు మళ్లీ కడగాలి. కొత్త షెల్స్ కొద్ది రోజులకే గీసుకుపోయాయంటే చాలాసార్లు కారణం రాయి పొడే. క్రాంకు ఆయిల్ రంధ్రాల్లో బ్రష్షు దూర్చి, గాలి కొట్టండి. హోనింగ్ చేసిన (రాళ్లతో లోపల సన్నగా రుద్దిన) బోరుని వేడి సబ్బునీళ్లతో తోమండి, ఉత్త డీజిల్‌కి ఆ పొడి వదలదు. నూనె రాసిన తెల్లగుడ్డకి బూడిద రంగు అంటుతుంటే ఇంకా కడగాల్సిందే.

బిగించేటప్పుడు పిస్టన్ రింగుని పిస్టన్‌తో లైనర్లోకి సమంగా తోసి రింగు కొసల మధ్య సందు కొలవండి. 100 మి.మీ. బోరుకి దాదాపు 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. క్రాంకుని పట్టే ఒక్కో మెయిన్ క్యాపు టార్క్ పెట్టి (కొలత ప్రకారం బిగించి) అయ్యాక క్రాంకుని చేత్తో తిప్పండి. ఏ క్యాపు దగ్గర పట్టేసిందో దాన్నే విప్పి చూడాలి. "నడిస్తే అదే ఫ్రీ అవుతుంది" అంటే ఒప్పుకోకండి.

ఇంకోటి, కాలువలు కట్టేసిన వేసవిలోనే పని ఇచ్చేయండి. నీళ్లొదిలాక షాపుల్లో అంతా తొందరే, కొలతలు తీసే ఓపిక ఎవరికీ ఉండదు.