కారణం అన్న మాట దగ్గర ఆగు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. "దోమకాటుతో పిల్లలకు క్యాన్సర్" అన్న శీర్షిక ముందు కొట్టెయ్యి. అది చదివిన తల్లికి, జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన ఆ రాత్రి కునుకు పట్టదు. పైగా తప్పు. నువ్వు రాస్తున్న బర్కిట్ లింఫోమా (తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) ఎక్కువగా కనిపించేది ఏడాది పొడవునా మలేరియా వదలని చోట్ల: ఆఫ్రికాలో భూమధ్యరేఖ చుట్టుపక్కల, పాపువా న్యూగినీలో. మన డెల్టాలో మలేరియా ఆ స్థాయిలో లేదు. ఈ మాట రెండో పేరాలోనే పడాలి.

"కారణం" అని ఒక్కదాని మీదకి తోసెయ్యకు. ఇందులో ఒక వైరస్‌కీ, మలేరియాకీ కూడా పాత్ర ఉంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉమ్మితో సోకుతుంది. లోకంలో చాలామందికి సోకి, ఏ గొడవా చేయకుండా ఒంట్లో పడుంటుంది. ఫాల్సిపరం రకం మలేరియా (వైవాక్స్ అనే ఇంకో రకం కాదు, పేరు తప్పక రాయి) మళ్ళీ మళ్ళీ వస్తే, ఆ వైరస్ దాగిన బి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) రెచ్చగొడుతుంది, వాటిని అదుపు చేసే టి కణాలనే ఇంకో రకం తెల్లకణాల పట్టు సడలిస్తుంది. అలా తెగ పెరిగే కణాల్లో ఏదో ఒకదాంట్లో 8వ క్రోమోజోమ్ ముక్క తెగి, ఎక్కువగా 14వ దానికి అతుక్కుంటుంది. దాంతో కణాన్ని పెరగమని తోసే మిక్ అనే జన్యువుకి ఆపు ఉండదు. తలుపులు దించడం మరిచిన కాలువ లాకు అనుకో. ఈ ఒక్క పోలిక చాలు, ఇంకోటి తగిలించకు.

చరిత్ర రెండు వాక్యాల్లో తేల్చెయ్యి: 1958లో డెనిస్ బర్కిట్ ఉగాండా పిల్లల దవడ గడ్డల గురించి రాశాడు, 1964లో వాటి కణాల్లో ఈ వైరస్ కనబడింది.

నిదానించాల్సింది లక్షణాల దగ్గర. దవడ ఉబ్బితే మనవాళ్ళు గవదబిళ్ళలని పట్టు వేస్తారు. గవదబిళ్ళలైతే వారం పది రోజుల్లో తగ్గుతాయి. ఈ క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. పుచ్చు లేని పళ్ళు కదులుతాయి, కన్ను ముందుకు తోసుకొస్తుంది. మందులకు బాగా లొంగే జబ్బేనని అదే పేరాలో రాయి. చెడగొట్టేది ఆలస్యం.

కంచెకు వేసే కాడజెముడు పాలు ఒంట్లో నిద్రపోయే ఆ ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను ప్రయోగశాలలో లేపాయన్నది నిజమే. "ప్రయోగశాలలో" అన్న మాట జారిందో, మర్నాటికి ఊళ్ళో కంచెలు మిగలవు!

చిత్తుప్రతిలో "కారణం" వచ్చిన ప్రతిచోటా "ముప్పు పెంచుతుంది" పెట్టి చదివి చూడు. కొత్త శీర్షిక శుక్రవారంలోగా పంపు.