టెక్ సందేహాలు: పోనూ రానూ పది కిలోమీటర్లకు ఏ బండి?

ప్రశ్న: ఇల్లు పటమటలో, ఉద్యోగం గవర్నరుపేటలో. పోనూ రానూ పది కిలోమీటర్లు. ఇంతవరకూ బండి నడపలేదు, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) మొన్నే వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇంట్లోవాళ్లు స్ప్లెండర్ అంటున్నారు, స్నేహితులు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 అంటున్నారు. మైలేజీ చూసుకుంటే ఏది మేలు? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

మైలేజీని కాసేపు పక్కన పెట్టండి. నెలకు 25 రోజులు తిరిగితే మీకయ్యేది 250 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి 4.2 లీటర్లు పడుతుంది, 45 ఇచ్చేదానికి 5.6 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా తేడా నెలకు 154 రూపాయలే. 350 సీసీ బండి లీటరుకు 35 ఇస్తుందనుకున్నా, 60 ఇచ్చేదాని కంటే నెలకు దాదాపు 330 రూపాయలు ఎక్కువ. ఈ దూరానికి పెట్రోలు లెక్క చూసి బండి ఎంచుకోవాల్సిన పని లేదు.

మీరు చూడాల్సింది బరువు. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, టీవీఎస్ రైడర్ 123, హంటర్ 181. కదులుతున్న బండి బరువు పెద్దగా తెలియదు. ఆఫీసు పార్కింగులో రెండు బళ్ల మధ్య ఇరుక్కున్నదాన్ని వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర ఇసుక మీద కాలు జారినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. కొత్తవాళ్ల చేతిలో బండి ఒరిగేది ఇలాంటి చోటే. 120 కిలోలైతే ఒరగబోతున్నా తొడ ఆనించి ఆపుకోవచ్చు, 180 కిలోలను కొత్తలో ఆపడం కష్టం. హంటర్ మంచి బండే, మీకు రెండో బండిగా బాగుంటుంది.

షోరూములో సెంటర్ స్టాండు మీదున్న బండెక్కి చూస్తే ఏమీ తెలియదు. స్టాండు తీయించి, ఆఫీసుకు వేసుకెళ్లే చెప్పులతోనే కూర్చోండి. ఒక పాదం పూర్తిగా నేలకు ఆనాలి, రెండోదాని ముందు భాగమైనా ఆనాలి. హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపే ఉంచి, కాళ్లతో పది అడుగులు వెనక్కి నెట్టండి. షోరూము ముందు ర్యాంపు ఉంటే దాని మీద కూడా నెట్టి చూడండి. కాగితం మీద రైడర్ సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌ది 785, హోండా షైన్ 125ది 791. అంకెల్లో తేడా వేలెడంత కూడా లేదు. కానీ సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు విచ్చుకుని పాదం అందదు. అందుకే కూర్చుని చూడమనేది.

ఇక 100 సీసీనా, 125 సీసీనా? ఒక్కరే తిరిగేటట్టయితే 100 చాలు. వెనక ఎవరినైనా ఎక్కించుకుని ఫ్లైఓవర్లు ఎక్కాల్సి ఉంటే 125కి వెళ్లండి. చిన్న ఇంజిన్ ఆ ఎత్తులో గేరు దించమంటుంది, వెనక బస్సు హారన్ కొడుతుంటే కొత్తవాళ్లు గేరు దించబోయి న్యూట్రల్ చేస్తారు. నా సలహా: ముందు చక్రానికి డిస్క్ ఉన్న 125. 2019 ఏప్రిల్ నాటి నిబంధన ప్రకారం 125 సీసీ వరకూ కంపెనీలు సీబీఎస్ ఇస్తే సరిపోతుంది, అది దాటితే ఏబీఎస్ తప్పనిసరి. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకూ కొంత పడుతుంది. చక్రం జారకుండా కాపాడేది మాత్రం ఏబీఎస్సే. 125లోనే ఏబీఎస్ ఉన్న వేరియంట్ మీ బడ్జెట్లో దొరికితే, రంగుల మీటర్ కోసం పెట్టే డబ్బు దానికి పెట్టండి.

బిల్లులో ఒక సంగతి. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టాలి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకూ అది 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకూ 7,365. జీఎస్టీ అదనం. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. 'హ్యాండ్లింగ్' అని రాసిన మొత్తం దేనికో అడగండి, సరైన జవాబు రాకపోతే తీసేయమనండి.

డెలివరీ రోజు టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని. ఏడాది దాటిన టైరు కనిపిస్తే బండి ఎప్పటిదో అడగండి, తయారీ నెల ఆర్‌సీలో కూడా వస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు, దాని గడువు ఆరు నెలలు. అందులో 'గేర్ ఉన్న మోటార్ సైకిల్' అని ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. గేరు లేనిదానికి మాత్రమే తీసుకుని ఉంటే అది స్కూటర్‌కే పనికొస్తుంది.

ప్రశ్న: ఇంటి నుంచి షాపుకు రెండు కిలోమీటర్లు. 125 సీసీ బైక్ కొని ఎనిమిది నెలలైంది, 900 కిలోమీటర్లే తిరిగింది. ఆయిల్ మూత తీస్తే లోపలి వైపు తెల్లగా మీగడలా పట్టింది. ఇంజిన్లోకి నీళ్లు పోయాయా?

బయటి నీళ్లు కాకపోవచ్చు. ఇంజిన్లో పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్ ఉన్న చోటికి చేరుతుంది. బండి అరగంట నడిస్తే ఆయిల్ వేడెక్కి ఆ తడి ఆవిరైపోతుంది. రెండు కిలోమీటర్లకే ఆపేస్తుంటే తడి అక్కడే నిలిచి, చల్లగా ఉండే మూత దగ్గర ఆయిల్‌తో కలిసి మీగడ కడుతుంది.

బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, మూడు నిమిషాలు ఐడిల్లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా) ఉంచి, ఆపి, మరో మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తుడిచి పెట్టి తీయండి. చాలా బళ్లలో దాన్ని మర తిప్పకుండా ఊరికే ఆనించి కొలవాలి, తిప్పితే మట్టం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పుల్లకు అంటిన ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో ఉంటే భయం లేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు నిజంగానే చేరినట్టు, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌కు చూపించండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పటిలా బండి నీట మునిగితే కూడా అంతే, ఆయిల్ మార్చేదాకా సెల్ఫ్ నొక్కకూడదు.

మీ వాడకానికి సర్వీసు బుక్కులోని కిలోమీటర్లు కాదు, పక్కనున్న నెలల గడి చూడండి. 3,000 కిలోమీటర్లు రావాలని కూర్చుంటే మీకు రెండేళ్లు పైనే పడుతుంది. ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చండి, పట్టేది లీటరు అటూ ఇటూ. వారంలో ఒకరోజు అరగంట ఆపకుండా నడపండి.

ప్రశ్న: కొత్త బండికే ఉదయం సెల్ఫ్ ఎత్తడం లేదు. 'టక్ టక్' మంటోంది. బ్యాటరీ మార్చాలా?

ముందు కొలవండి. రెండొందల రూపాయల మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉండాలి. 12.4 కంటే తక్కువైతే చార్జింగ్ కావాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనపడినట్టు. ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి, చూపించకపోతే లోపం చార్జింగ్ వ్యవస్థలో ఉంది, కొత్త బ్యాటరీ వేసినా మళ్లీ ఇదే కథ.

ఇవన్నీ బాగుండి కూడా బ్యాటరీ దిగిపోతోందంటే కారణం చాలావరకు చిన్న ప్రయాణాలే. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బళ్లలో హెడ్‌లైట్ ఆర్పడానికి స్విచ్ ఉండదు. ట్రాఫిక్‌లో ఐడిల్లో నిలబడితే పుట్టే కరెంటులో చాలా భాగం ఆ లైటుకే పోతుంది. ఫోను కూడా చార్జింగ్ పెడితే బ్యాటరీకి మిగిలేది కొంచెమే. చార్జర్ కొంటే బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఇచ్చేది తీసుకోండి. 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీకి 0.4 ఆంపియర్లు. కారు బ్యాటరీలకు వాడే పెద్ద చార్జర్ పెడితే ఇది ఉబ్బిపోతుంది.

ప్రశ్న: మ్యాప్ కోసం ఐఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించాను. కెమెరా ఇప్పుడు ఫోకస్ పట్టడం లేదు. సంబంధం ఉందా?

ఉండే అవకాశం ఎక్కువ. చేయి కదిలినా ఫొటో చెదరకుండా లెన్సును సర్దే చిన్న యంత్రాంగం ఇంజిన్ అదురుకు పాడవొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఆ యంత్రాంగం ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పాడైన కెమెరా సెట్టింగులతో బాగుపడదు, మాడ్యూల్ మార్చాలి. ఇకమీదట అదురు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్ వాడండి. దారి చూపే బ్లూటూత్ మీటర్ ఉన్న బండయితే దారి బాణాలు మీటర్లోనే కనిపిస్తాయి, ఫోను జేబులోనే ఉంటుంది.