ప్రతిసారీ అవే ప్రింట్ ఆప్షన్లు టైప్ చేయాలా?

లైనక్స్‌లో ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ ఏ4, రెండువైపులా అంటూ కమాండ్‌లో రాయాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు. లైనక్స్‌లో ప్రింటింగ్ పని చూసే సాఫ్ట్‌వేర్ కప్స్. అందులో ఎల్‌పీఆప్షన్స్ అనే కమాండ్ ఇందుకే ఉంది. హైఫన్ పీ తర్వాత ప్రింటర్ పేరు, హైఫన్ ఓ తర్వాత కావలసిన సెట్టింగ్ ఇవ్వండి. మీ హోమ్ ఫోల్డర్‌లో, డాట్ కప్స్ డైరెక్టరీలో ఉండే ఎల్‌పీఆప్షన్స్ ఫైల్‌లో అది భద్రంగా ఉంటుంది.

నాకు బాగా నచ్చేది ఇన్‌స్టాన్స్ సదుపాయం, అంటే ఒకే ప్రింటర్‌కి వేర్వేరు సెట్టింగ్‌లను వేర్వేరు పేర్లతో దాచుకోవడం. ప్రింటర్ పేరు పక్కన స్లాష్ పెట్టి డ్రాఫ్ట్ అనో ఫైనల్ అనో తగిలించి సేవ్ చేస్తే, ఒకే ప్రింటర్ రెండు ప్రింటర్లలా పనికొస్తుంది. తర్వాత ప్రింట్ ఇచ్చే ఎల్‌పీ కమాండ్‌లో హైఫన్ డీ పక్కన ఆ పూర్తి పేరు ఇస్తే చాలు. వద్దనుకుంటే ఎల్‌పీఆప్షన్స్‌కే హైఫన్ ఎక్స్ ఇచ్చి తీసేయొచ్చు.

కమాండ్‌ను రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారాలతో నడిపే సుడో మాత్రం అలవాటుగా కొట్టేయకండి. రూట్‌గా నడిపితే సెట్టింగ్ ఈటీసీలోని కప్స్ ఫోల్డర్‌కి వెళ్లి, ఆ మెషీన్ వాడేవాళ్లందరికీ వర్తిస్తుంది.