దిగడం వేరు, జారడం వేరు

సందేహం: మా తెలుగు సంఘం పత్రికకు అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ మీద వ్యాసం రాస్తున్నాను. అక్కడ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ముందు వంతు ఇచ్చేసి వెనక వంతు తీసుకోవడాన్ని 'ట్రేడ్ డౌన్' అంటారు. దానికి 'దిగజారడం' అని వాడాను. '2017 డ్రాఫ్ట్‌లో బోస్టన్ ఒకటో స్థానం నుంచి మూడో స్థానానికి దిగజారింది' అన్నది నా వాక్యం. మా అబ్బాయి విని, 'నాన్నా, వాళ్లు కావాలని దిగారు, జారలేదు' అన్నాడు. డ్రాఫ్ట్‌కేమో నిఘంటువులో 'ముసాయిదా' అని ఉంది. ఏం రాయమంటారు?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ అబ్బాయి తీర్పే ఖాయం చేస్తున్నాను. దిగజారడంలో రెండు క్రియలున్నాయి, బరువంతా రెండోదాని మీదే. దిగేవాడు మెట్టు చూసుకుని దిగుతాడు, జారేవాడికి ఆ అవకాశం లేదు. పైగా 'ఇంతకు దిగజారతావనుకోలేదు' అని మనుషుల్ని తిట్టి తిట్టి ఆ మాటకు మనమే మచ్చ అంటించాం. ర్యాంకింగ్స్‌లో ఒక జట్టు దిగజారిందంటే సరే, కోరి ఎవరూ ర్యాంకు పోగొట్టుకోరు. బోస్టన్ కోరే వెళ్లింది.

ఎందుకు వెళ్లిందో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. ఆ ఏడు మొదట ఎంచుకునే హక్కు బోస్టన్‌ది. అందరి నోటా మార్కెల్ ఫుల్ట్జ్ అనే కుర్ర ఆటగాడి పేరే. అప్పట్లో బోస్టన్ వ్యవహారాలు చూసిన డానీ ఏంజ్ మనసు మాత్రం జేసన్ టేటమ్ అనే ఇంకో కుర్రాడి మీద ఉంది. రెండో పిక్ (ఎంచుకునే వంతు) చేతిలో ఉన్న లేకర్స్ జట్టు లోంజో బాల్‌ను తీసుకుంటుందన్నది ఊరంతా తెలిసిన సంగతే. అంటే మూడో పిక్ దాకా ఆగినా టేటమ్ ఎక్కడికీ పోడు. ఫుల్ట్జ్ కోసం తహతహలాడుతున్న ఫిలడెల్ఫియాకు బోస్టన్ ఒకటో పిక్ ఇచ్చేసి, వాళ్ల మూడోది తీసుకుని, పైన రాబోయే ఏళ్లలో ఒక మొదటి రౌండ్ (తొలి విడత) పిక్ కూడా వేయించుకుంది. ఫుల్ట్జ్ భుజం నొప్పితో తొలి సీజన్‌లో 14 ఆటలే ఆడాడు. టేటమ్ 2024లో బోస్టన్‌ను విజేతగా నిలిపిన జట్టులో ఉన్నాడు.

జట్లు ఆటగాళ్లను ఒకటి, రెండు, మూడు అని గీత గీసినట్టు పేర్చవు, గుంపులు కడతాయి. ఒకే గుంపులో ముగ్గురు మిగిలి ఉండి, ఎవరు దొరికినా ఒకటే అనుకుంటే రెండడుగులు వెనక్కి జరగడంలో నష్టం లేదు. మొదటి రౌండ్‌లో పిక్‌ను బట్టే జీతం కాబట్టి కాస్త డబ్బూ మిగులుతుంది. గుంపులో ఒక్కడే మిగిలి, ఆ తర్వాత పెద్ద గండి ఉంటే మాత్రం కదలకూడదు.

నీళ్ల వంతులు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాలవ చివర రైతు పక్క చేనతనితో 'ఈ రాత్రి నా వంతు నువ్వు పెట్టుకో, రేపు నీది నేను పెట్టుకుంటా, కాకపోతే ఒక పూట ఎడ్లు తోలు' అంటాడు. తన మడిలో తడి ఇంకా ఆరలేదని ముందే కాలితో తొక్కి చూసుకుని ఉంటాడు. దాన్ని మనవాళ్లు వంతు మార్చుకోవడం అన్నారు.

అక్కడే కిటుకుంది. పట్టికకు పైనా కిందా ఉంటాయి, వంతుకు ముందూ వెనకా ఉంటాయి. రేషన్ దుకాణం దగ్గర 'నీకంటే నేను ముందొచ్చాను' అంటాం, 'నీ పైన వచ్చాను' అనం. ఇంగ్లీషువాళ్లు కాగితం మీద జాబితా చూసి 'డౌన్' అన్నారు. మనం వరస చూస్తాం కాబట్టి 'వెనక్కి జరగడం' మన మాట.

మరి పిక్‌ను 'వంతు' అందామా? నాకూ ఇష్టమే. కానీ 'బోస్టన్ మూడో వంతు పుచ్చుకుంది' అని రాస్తే జట్టులో మూడింట ఒక భాగం కొనుక్కుందనుకుంటారు. అంకె పక్కన వచ్చేచోట 'పిక్' అనే ఉంచండి. అదొక్కటే జాగ్రత్తగా వాడాలి, ఎంచుకునే హక్కూ పిక్కే, ఎంపికైన కుర్రాడూ పిక్కే. 'ఒకటో పిక్‌ను అమ్మేసింది' అంటే ఏదమ్మిందో తేలదు. పైన వేయించుకున్నదాన్ని 'కొసరు' అందామన్న ఆశ పడ్డాను గాని, బేరమంతా దానికోసమే జరిగినప్పుడు గుప్పెడు కరివేపాకుతో పోల్చడం అన్యాయం.

ముసాయిదా బిల్లులకూ ఒప్పందాలకూ చెందిన మాట, ఆటస్థలంలోకి తేకండి. ఐపీఎల్ అలవాటుతో 'వేలం' అనడమూ తప్పే. వేలంలో సంచీ బరువున్నవాడిది పైచేయి. ఇక్కడ ధర పాడటం లేదు, కిందటి సీజన్‌లో బాగా ఓడినవాళ్లకే వరస తేల్చే లాటరీలో ముందు పిక్ దక్కే అవకాశం ఎక్కువ. 'డ్రాఫ్ట్' అనే రాసి, మొదటిసారి వచ్చినచోట 'కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్' అంటే చాలు.

వెనక్కి జరిగినవాళ్లందరూ బాగుపడలేదు. 2013లో డెన్వర్ 27వ పిక్‌ను యూటాకు ఇచ్చి, 46వ పిక్కూ కొంత సొమ్మూ తీసుకుంది. ఆ 27వ పిక్, తర్వాత మేటి ఆటగాడిగా పేరు తెచ్చుకున్న రూడీ గోబేర్ అయ్యాడు. అప్పుడు కూడా దిగజారింది అనకండి, 'పొరపడింది' అనండి.

మీ వాక్యం ఇలా మార్చుకోవచ్చు: '2017 డ్రాఫ్ట్‌లో బోస్టన్ ఒకటో పిక్ ఇచ్చి మూడో పిక్‌కు జరిగింది, ఊరికే జరగలేదు.'

మీ ఊరి జట్టు 2018లో ఎదురు దిక్కున నడిచింది. తన ఐదో పిక్‌నూ మరుసటి ఏటి మొదటి రౌండ్ పిక్‌నూ అట్లాంటాకు కట్టబెట్టి, మూడో పిక్‌గా ఎంపికై, తర్వాత పెద్ద స్టార్ అయిన లూకా డాంచిచ్‌ను తెచ్చుకుంది. దాన్ని 'ఎగబాకింది' అని రాయకండి, ఎగబాకేవాడు సొంత చేతులతో పాకుతాడు. డాలస్ ధర చెల్లించి ముందుకు జరిగింది. అదే లూకాను 2025 ఫిబ్రవరిలో లేకర్స్‌కు ఇచ్చేశారు. దానికి ఏ క్రియ వాడాలో నన్నడక్కండి, మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, అచ్చు వేయగలిగితే వేసుకోండి.